హంసబొమ్మ కింద ఇరవై ఏడు కుట్లు

అనగనగా, గుర్రాలు ఇంకా మాటలు మానని కాలంలో, కార్లు అప్పుడప్పుడే దారి కనుక్కుంటూ వస్తున్న రోజుల్లో, తంగేడుకొండ అని ఒక బుల్లి రాజ్యం ఉండేది. ఎంత బుల్లి అంటే, ఈ పొలిమేరలో కోడి కూస్తే ఆ పొలిమేరలో జనం లేచి మొహాలు కడుక్కునేవారు.

ఆ రాజ్యానికి రాజు సోమకేతు. మనసు మంచిదే. కాకపోతే ఆయనకు కోపం ముందు వచ్చేది, ఆలోచన వెనకాల రొప్పుకుంటూ వచ్చేది.

ఆ రాజ్యంలోనే నాగలింగం అనే జీనులు కుట్టేవాడు ఉండేవాడు. అతని ఇంటి గుమ్మం మీద ఒక చెక్కపలక వేలాడేది. రాజుగారి తండ్రి, అంటే పెద్దరాజుగారు, బతికున్న రోజుల్లో స్వయంగా చెక్కించి ఇచ్చిన పలక అది. దానిమీద ఒకే ఒక్క మాట ఉండేది: ‘నాగలింగం కుట్టు విప్పనక్కరలేదు.’

అది నిజమే. ముప్పై ఏళ్లలో నాగలింగం వేసిన కుట్టును అతనూ విప్పలేదు, మరొకరూ విప్పలేదు. పొద్దున్నే లేచి, పళ్లు తోముకోకముందే ఆ పలకను పైపంచెతో తుడిచేవాడు. అది చూసి అతని భార్య పున్నమ్మ, “ముందు నీ మొహం తుడుచుకోవయ్యా, పలక ఎక్కడికీ పోదు” అనేది.

ఆ ఇంట్లో మూడో ప్రాణి చుక్క. నుదుట తెల్లచుక్క ఉన్న ముసలి ఆడగుర్రం. నాగలింగం చిన్నప్పటినుంచీ చూస్తున్నది కనుక అతన్ని ‘లింగా’ అని పేరు పెట్టి పిలిచేది. పిలవడమే కాదు, అవసరమైతే చీవాట్లు కూడా పెట్టేది.

ఒకరోజు ఆ రాజ్యానికి కారు వచ్చింది. కొత్తది కాదు. పక్క రాజ్యం ప్రభువు వాడి వాడి, విసుగు పుట్టి వదిలించుకున్న కారు. దానితోపాటు డ్రైవరు దానయ్య కూడా వచ్చాడు. ఆ ప్రభువుకు కారుతోపాటు డ్రైవరు మీదా విసుగు పుట్టిందట. దానయ్యకు ముందూ వెనకా ఎవరూ లేరు. కారు ఎక్కడుంటే అదే అతని ఊరు.

కారు బాగానే ఉంది. ముదురాకుపచ్చ రంగు, ముందు రెండు పెద్ద దీపాలు, నొక్కితే బాతులా అరిచే హారను. స్టీరింగు మాత్రం చూడలేం. పాత యజమాని పెంపుడు కోతికి కోపం వచ్చినప్పుడల్లా దాన్నే కొరికేదట. దాని నిండా పంటి గాట్లు. ఎండకు రెండు చోట్ల పగిలింది. పైన చుట్టిన తోలు పీలికలై వేలాడుతోంది. మధ్యలో పాత ప్రభువుగారి సింహం బొమ్మ ఉంది, దానికీ ఒక చెవి లేదు.

రాజుగారు మొదటిరోజే మోజుగా తోలారు. అరచేతులు గీసుకుపోయి, వెన్న రాయించుకుని, నాగలింగాన్ని పిలిపించారు.

“నాగలింగం, గుర్రానికి కళ్లెం ఎలాంటిదో కారుకు ఇది అలాంటిదట. బాగుచెయ్యి. మధ్యలో ఆ చెవిలేని సింహాన్ని తీసేసి మన రాజ్యం హంసను పెట్టు. దసరా రోజు నేనే స్వయంగా తోలుతాను.”

“ప్రభూ, నాకు గుర్రాల సంగతి తెలుసు గానీ…”

“నీ కుట్టు విప్పనక్కరలేదని మా నాన్నగారే అన్నారు కదా?”

ఆ మాట అన్న తరువాత నాగలింగం కాదనలేకపోయాడు.

దానయ్య కారును తెచ్చి నాగలింగం పెరట్లో, తాటాకు పందిరి కింద నిలిపాడు. చుక్క దాని చుట్టూ ఒకసారి తిరిగి, వెనక చక్రాన్ని వాసన చూసి, మొహం పక్కకు తిప్పుకుంది.

“నా జీను రెండేళ్లనుంచి దూలానికి వేలాడుతోంది. దీనికేమో వచ్చినరోజే పందిరి” అంది. ఆ పైన నాగలింగంతో మాటలే మానేసింది.

స్టీరింగు ఊడదీయడానికి నాగలింగం పెద్ద పానా పట్టుకుని కూర్చున్నాడు. దాని కింద ఒక ఇనుప కడ్డీ ఉంది. కడ్డీ చివర దువ్వెన పళ్లలాగా సన్నని పళ్లు చుట్టూ ఉన్నాయి. స్టీరింగును ఏ పన్ను దగ్గర కూర్చోబెట్టినా బుద్ధిగా కూర్చుంటుంది. అక్కడే ఉంది తిరకాసు.

“ఆగు” అంటూ పున్నమ్మ లోపలినుంచి వచ్చింది. “మళ్లీ పెట్టేటప్పుడు ఏది ఎటుందో నీకెలా తెలుస్తుంది? పెళ్లినాడు ఎడమ చెప్పు కుడికాలికి, కుడి చెప్పు ఎడమకాలికి తొడుక్కుని విడిది దాకా నడిచొచ్చిన మనిషివి.”

“ఆ రోజు నిన్ను చూడాలనే తొందరలో ఉన్నాను” అన్నాడు నాగలింగం. దానయ్య పక్కకు తిరిగి నవ్వుకున్నాడు.

పున్నమ్మ కుంకుమలో నూనె కలిపి, కడ్డీ మీద ఒక బొట్టు, దానికి సరిగ్గా ఎదురుగా స్టీరింగు మీద ఒక బొట్టు పెట్టింది. “ఈ రెండు బొట్లూ ఎదురెదురుగా రావాలి. వస్తే చాలు, ఇంకేం చూడనక్కరలేదు. గుర్తుందా?”

“గుర్తుంది” అన్నాడు నాగలింగం.

పని మొదలైంది. ముందు పీలికల తోలంతా ఒలిచాడు. కుంకుడు రసంతో కడిగి, ఎన్నో చేతుల జిడ్డునంతా వదిలించాడు. పగుళ్లు పూడ్చడానికి లక్క కరిగించి అందులో రంపపుపొట్టు కలపాలి. కరిగించడానికి మంచి పాత్ర కావాలి. పున్నమ్మ వాకిట్లో పనిమీద ఉన్నప్పుడు చూసి, ఆమె పులుసు కాచే మూకుడు తీసుకున్నాడు.

“ఇక ఆ మూకుడులో పులుసు కాగదు, కార్లే కాగుతాయి” అంది పున్నమ్మ చూసి. అంది గానీ, లక్క అడుగంటకుండా తానే కూర్చుని కలిపింది.

లక్క గట్టిపడ్డాక పారిజాతం ఆకులతో రుద్దాడు. గరుకైన ఆ ఆకులతో రుద్దగా రుద్దగా, కోతి కొరికిన చోటు ఏదో చేత్తో తడిమినా తెలియకుండా పోయింది. తరువాత మేకతోలు నానబెట్టి, తడిమీదే లాగి చుట్టి, రెండు సూదులు ఎదురెదురుగా నడుపుతూ లోపలివైపు కుట్టాడు. తోలు ఆరేకొద్దీ బిగిసింది. స్టీరింగు పసిపిల్ల చెయ్యంత మెత్తగా తయారైంది.

ఈ రోజులన్నీ దానయ్య ఆ పెరట్లోనే ఉన్నాడు. రోజూ మధ్యాహ్నం పున్నమ్మ అతనికి కూడా విస్తరి వేసేది. ఉలవచారు పోసి, మొహమాటపడితే కసిరి మరీ వడ్డించేది. “వదినా, ఇన్నేళ్లలో నేను తిన్నానా అని అడిగినవాళ్లు మీరే” అన్నాడు ఒకరోజు. పున్నమ్మ ఇంకో గరిటె పోసింది.

ఇంతలో నవమి వచ్చింది. ఆయుధపూజ. పనిముట్లన్నింటినీ కడిగి, బొట్లు పెట్టి దణ్ణం పెట్టుకునే రోజు. నాగలింగం తలారా స్నానం చేసి తోలు పొడిచే ఆరెలు, కత్తులు, సూదులు, అన్నీ కడిగి పీటమీద వరసగా పేర్చాడు. స్టీరింగు కూడా కడిగాడు. కారు కూడా కడిగాడు. కడ్డీ దగ్గరకు వచ్చేసరికి దానిమీద పున్నమ్మ పెట్టిన బొట్టు నూనె ఓడి, మసి పట్టి, నల్లగా కనిపించింది.

పూజనాడు పాత బొట్టుంటే ఏం బాగుంటుంది? తుడిచేశాడు. స్టీరింగు మీదిదీ తుడిచేశాడు. పసుపు రాసి, కంటికి ఎక్కడ నిండుగా కనిపిస్తుందో అక్కడ చెరొక కొత్త బొట్టు పెట్టాడు. పాపం, ఎంతో భక్తిగా పెట్టాడు. పున్నమ్మ అప్పుడు వంటింట్లో గారెలు వేస్తోంది.

సాయంత్రం స్టీరింగు బిగించాడు. బొట్టుకు బొట్టు ఎదురెదురుగా వచ్చింది. “చూశావా, నువ్వు చెప్పినట్టే” అన్నాడు పున్నమ్మతో. ఆమె తొంగిచూసి, ఎదురెదురుగా ఉన్న రెండు బొట్లనూ చూసి, సంతోషించింది. నాగలింగం మరను గట్టిగా బిగించి, దానిపైన ఇత్తడి హంస ఉన్న గుండ్రటి తోలును మూతలా వేసి, పాత సింహం తల ఉన్నవైపే హంస తల వచ్చేలా చుట్టూ కుట్టేశాడు. ఇరవై ఏడు కుట్లు. అంత సన్నని కుట్టు అంతకు ముందు తానే ఎప్పుడూ వేయలేదు.

దశమి పొద్దున రాజుగారు వచ్చి కొబ్బరికాయ కొట్టి కారెక్కారు. దానయ్య ఆయనకు నేర్పిన పాఠం ఒక్కటే: మధ్యలో బొమ్మ నిటారుగా ఉంటే కారు తిన్నగా పోతుంది. రాజుగారు హంసను నిటారుగా పట్టుకున్నారు. కారు కాస్త దూరం పోయి, మెల్లగా ఎడమకు తిరిగి తంగేడు పొదలోకి దూరింది.

రాజుగారు పూలు దులుపుకుంటూ దిగారు. “రోడ్డు వంకర” అన్నారు. రోడ్డు పనివాళ్లను పిలిచి చీవాట్లు పెట్టారు. పండగపూట వాళ్లు గారెలు వదిలేసి వచ్చి, రోడ్డంతా చదును చేశారు.

రెండోరోజు, “ఇవాళ్టికి నన్ను తోలనివ్వండి” అని దానయ్య బతిమాలినా వినకుండా, రాజుగారు మళ్లీ హంసను నిటారుగా పట్టుకున్నారు. కారు మళ్లీ ఎడమకే తిరిగి, కుమ్మరివాళ్లు ఆరబెట్టిన కుండల్లోకి వెళ్లింది. “టైర్లో గాలి సరిగా లేదు” అన్నారు రాజుగారు. గాలి కొట్టేవాణ్ణి పిలిచి నలుగురిలో తిట్టారు. పాపం వాడు రొమ్ము నొప్పి పుట్టేదాకా గాలి కొట్టాడు.

ఆ రోజు కారు తన గుమ్మం ముందునుంచి పోతుండగా చుక్క తలెత్తి చూసింది. ఎన్నాళ్లకో నోరు విప్పింది.

“లింగా, నీ హంస నిటారుగానే ఉంది. కారు ముందుకాళ్లు మాత్రం ఎడమకు చూస్తున్నాయి. నా జీను వేలెడు పక్కకు జరిగినప్పుడు నేనెలా నడిచేదాన్నో గుర్తుందా? రౌతు దారిని తిట్టేవాడు. నువ్వు మాత్రం జీనును చూసేవాడివి.”

నాగలింగం చేతిలో పని వదిలేశాడు. లోపలికి వెళ్లి పున్నమ్మను అడిగాడు. “నువ్వు పెట్టిన బొట్లు… నవమినాడు నేను తుడిచి కొత్తవి పెట్టాను. ఫరవాలేదు కదా?”

పున్నమ్మ చేతిలో చేట అలాగే ఆగిపోయింది. “ఎక్కడ పెట్టావు?”

“అందంగా ఉన్న చోట.”

ఆమె చేట కింద పెట్టింది. తరువాత మెల్లగా అంది. “అవి అలంకారం కాదయ్యా, ఆనవాలు. వెళ్లి చెప్పు. విప్పి సరిచేస్తే అయిపోతుంది.”

విప్పడం. నాగలింగం గుమ్మంవైపు చూశాడు. మరను చేరాలంటే హంసను తీయాలి. హంసను తీయాలంటే ఇరవై ఏడు కుట్లూ కోయాలి. రాజుగారి ముందు, ఊరి ముందు, తన కుట్టు తానే కోయాలి. ఇక ఆ పలక ఉండి ఏం లాభం?

“రేపు చెబుతాను” అన్నాడు. ఆ పూట అన్నం సగంలోనే లేచాడు.

మూడోరోజు రాజుగారు కోటలోనే తోలారు. హంస నిటారుగా ఉంది. కారు ఎడమకు తిరిగి, రాజమాత కూర్చున్న ఉయ్యాలబల్లకు జానెడు దూరంలో ఆగింది. ఆమెకు ఏమీ కాలేదు. ఒళ్లోని తమలపాకుల పళ్లెం మాత్రం కింద పడింది. రాజుగారు కారు దిగి తల్లి దగ్గరకు పరుగెత్తారు. భయం వచ్చిన దారినే కోపమూ వచ్చింది.

“రోడ్డు బాగుచేయించాను, గాలి కొట్టించాను. ఇక మిగిలింది నేర్పినవాడే. దానయ్యా, నాకు తప్పు పాఠం నేర్పావు. ఈ పూటే పొలిమేర దాటిపో.”

పొలిమేర ఎంతో దూరం లేదు. గంట నడిస్తే చాలు. కానీ ఆ గంట తరువాత దానయ్యకు ఎక్కడికి పోవాలో తెలియదు. అతను తన చిన్న సంచి భుజానికి తగిలించుకుని, కారు బానెట్టు మీద ఒకసారి చెయ్యివేసి, నడక మొదలుపెట్టాడు.

కోటగుమ్మం దగ్గర నాగలింగం నిలబడి ఉన్నాడు. చెప్పాలనే వచ్చాడు, పలక గుర్తొచ్చి గుమ్మం దాటలేకపోయాడు. దానయ్య దగ్గరకు వచ్చి, “అన్నా, వదినకు చెప్పు. మధ్యాహ్నం నా కోసం చూడొద్దని” అన్నాడు.

ఆ మాటతో నాగలింగం కళ్లలో నీళ్లు తిరిగాయి. దానయ్య చెయ్యి పట్టుకుని, అలాగే రాజుగారి ముందుకు తీసుకుపోయాడు.

“ప్రభూ, తప్పు రోడ్డుది కాదు, గాలిది కాదు, దానయ్యది అసలే కాదు. నాది. నా భార్య పెట్టిన గుర్తులు నేను చెరిపేసి స్టీరింగును పక్కకు బిగించాను. నిన్న నాకు తెలిసింది. పలక మీద మాట పోతుందని నోరు మూసుకున్నాను. తమ తల్లిగారికి ఏమైనా అయ్యుంటే ఆ పాపం నాదే.”

రాజుగారు కోపంతో లేచారు. ఉయ్యాల మీదినుంచి రాజమాత, “ముందు అతణ్ణి పని చెయ్యనీ నాయనా. కోపం ఎక్కడికీ పోదు” అంది.

నాగలింగం బొడ్డునుంచి కత్తి తీశాడు. ఒక్కో కుట్టూ కోస్తుంటే అందరూ చూస్తున్నారు. ఒకటి, రెండు, మూడు. ఇరవై ఏడోది తెగినప్పుడు అతనికే ఆశ్చర్యం వేసింది. ముప్పై ఏళ్లుగా మోస్తున్న బరువేదో దిగినట్టుంది.

పున్నమ్మను పిలిపించారు. ఆమెతోపాటు చుక్క కూడా పిలవకుండానే వచ్చింది. నేలమీద తాడు తిన్నగా పరిచారు. దానయ్య కారును ఆ తాడు వెంబడి నెట్టి, ముందు చక్రాలు తిన్నగా నిలిచేలా చేశాడు. పున్నమ్మ కొత్తగా రెండు బొట్లు పెట్టింది. నాగలింగం మర విప్పి, స్టీరింగును ఒక్కటంటే ఒక్క పన్ను పక్కకు జరిపి బిగించి, హంసను ప్రస్తుతానికి దారపు ముడితో దాని చోట నిలిపాడు.

“నువ్వే తోలు” అన్నారు రాజుగారు దానయ్యతో.

“తమరే తోలండి ప్రభూ. నేను నేర్పిన పాఠం సరైనదే” అన్నాడు దానయ్య.

రాజుగారు హంసను నిటారుగా పట్టుకున్నారు. కారు తాడు వెంబడి, వేలెడైనా పక్కకు పోకుండా, ఆ చివరిదాకా తిన్నగా పోయింది.

తిరిగొచ్చాక రాజుగారు దానయ్యను అడిగారు. “రోజూ కారును షెడ్డులో పెట్టేది నువ్వే కదా. నీ చేతికి తేడా తెలియలేదా?”

దానయ్య తల దించుకున్నాడు. “మొదటిరోజే తెలిసింది ప్రభూ. అందుకే రోజూ, ఇవాళ్టికి నన్ను తోలనివ్వండి అని బతిమాలాను. కారణం మాత్రం చెప్పలేకపోయాను. ఆ ఇంట్లో అన్నం తిన్నాను. ఆ పలక నా నోటితో దించలేకపోయాను.”

నాగలింగానికి ఇక దుఃఖం ఆగలేదు. పైపంచె మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. పున్నమ్మ అతని వీపు నిమిరింది. చుక్క వచ్చి అతని భుజం మీద తన బరువైన తల ఆనించింది.

ఆ రోజు రాజుగారికి చేయాల్సిన పని చాలా ఉంది. రోడ్డు పనివాళ్ల ఇళ్లకు వెళ్లి క్షమించమన్నారు. గాలి కొట్టేవాడి ఇంటికి వెళ్లి అదే మాట అన్నారు. దానయ్య భుజం మీది సంచిని తానే దించి కారు వెనకసీట్లో పెట్టారు.

ఇంటికి వెళ్లగానే నాగలింగం గుమ్మం మీది పలకను దించి, తుడిచి, పైపంచెలో చుట్టుకుని కోటకు తెచ్చాడు. “ఇది ఇక నాకు తగదు ప్రభూ. తమ తండ్రిగారిది. తీసుకోండి.”

రాజుగారు పలకను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూశారు. తరువాత ఉలి తెప్పించి, తండ్రిగారు చెక్కించిన మాట కింద తన చేత్తోనే, వంకరటింకర అక్షరాలతో ఇంకో మాట చెక్కారు. పలక తిరిగి నాగలింగం చేతికిచ్చారు.

ఇప్పుడు దానిమీద ఇలా ఉంది: ‘నాగలింగం కుట్టు విప్పనక్కరలేదు. విప్పాల్సి వస్తే తానే విప్పుతాడు.’

హంసను మళ్లీ కుట్టాల్సి వచ్చినప్పుడు, రాజుగారు ఎర్రదారంతో కుట్టమన్నారు. నల్లటి తోలు మీద ఆ ఇరవై ఏడు ఎర్రకుట్లూ స్పష్టంగా కనిపించేవి. ఆ తరువాత ఎవరి మీదైనా కోపం వస్తే రాజుగారు ముందు వాటిని వేలితో ఒకటొకటిగా తడిమేవారట. చివరి కుట్టు చేరేలోపు ఆలోచన రొప్పుతూనైనా వచ్చి అందుకునేదట.

దానయ్య మాత్రం మధ్యాహ్నం వేళకు ఎక్కడున్నా కారు తిప్పుకుని పున్నమ్మ పెరటికి వచ్చేసేవాడు. ఆ ఏడాదే చుక్కకు కొత్త జీను కూడా వచ్చింది. ఎక్కేవాళ్లు లేకపోయినా రోజూ ఒకసారి వేయించుకుని, కారు ముందునుంచి ఠీవిగా నడిచి వెళ్లేది.

పిల్లలూ, అందుకే పెద్దలు చెబుతారు: తప్పు చేయనివాడని పేరు నిలుపుకోవడానికి మరొకరిని బలి ఇవ్వకూడదు, తన తప్పు కుట్టును నలుగురిలో తన చేత్తోనే విప్పుకోగలవాడే నిజమైన పనిమంతుడు.